మగ కుక్కపిల్లా, ఆడ కుక్కపిల్లా? పెరుంగుడి ఫ్లాట్‌కి ఏది నయం?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చెన్నై పెరుంగుడిలో నాలుగో అంతస్తు ఫ్లాట్. ఇంట్లో మీరు, మీవారు, ఏడేళ్ల బాబు, మీ అత్తగారు. తాంబరం వైపు ఒకాయన దగ్గర లాబ్రడార్ ఈతలో మూడు పిల్లలు మిగిలాయి, రెండు మగవి, ఒకటి ఆడది. మగదానికి ఎక్కువ ధర చెప్తున్నాడు. అత్తగారేమో "ఆడకుక్క వద్దమ్మా, రక్తం పడుతుంది, ఇంట్లో పూజ గది ఉంది" అంటున్నారు. మీవారు "మగదైతే ఇల్లు కాస్తుంది" అంటున్నారు. మీకు మాత్రం ఆ ఆడపిల్ల మీదే మనసుంది. ఏది తెచ్చుకోవాలి?

ముందు సమాధానం చెప్పేస్తాను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ఉద్దేశం మీకు ఉంటే ఆ ఆడపిల్లనే తెచ్చుకోండి. ఆపరేషన్ మాటే వద్దు అనుకునే ఇల్లయితే మీ పరిస్థితికి మగది కొంచెం తేలిక. అయితే దానితో వచ్చే తలనొప్పులు మీకెవరూ చెప్పినట్టు లేరు, అవీ చెప్తాను. ఇంకో మాట. మీ ముందున్న మూడు పిల్లల్లో ఏది బెదురు, ఏది దూకుడు, ఏది నెమ్మది అన్నది మగా ఆడా అన్నదానికంటే ముందు చూడాల్సింది. దాని గురించి చివర్లో రాస్తాను.

నేను మేడవాక్కం దగ్గర చాలా ఏళ్లుగా కుక్కల బోర్డింగ్ నడుపుతున్నాను. ట్రైనింగ్ కూడా ఇస్తాను. సంక్రాంతికి నెల్లూరో ఒంగోలో వెళ్లేవాళ్లు కుక్కల్ని వదిలి వెళ్తుంటారు కాబట్టి అన్ని రకాల ఇళ్ల కుక్కలనూ రాత్రీ పగలూ చూస్తాను. డాక్టర్ని కాను. వైద్యం గురించి కింద రాసినవి మీ డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి, అంతవరకే.

అసలు తేడా ఎక్కడుందంటే, ఆపరేషన్ చేయించని ఆడకుక్కతో ఏడాదికి రెండుసార్లు, మూడేసి వారాలు గట్టి ఇబ్బంది. మిగతా రోజులన్నీ ప్రశాంతం. ఆపరేషన్ చేయించని మగకుక్కతో అంత పెద్ద ఇబ్బంది ఏ రోజూ ఉండదు, కానీ రోజూ కొంచెం ఉంటుంది. మీ ఇంట్లోవాళ్లు ఏ రకం ఇబ్బందిని ఓర్చుకోగలరో ఆలోచించుకోండి. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువమంది మొదటిదాన్ని చూసి భయపడి మగదాన్ని తెచ్చుకుంటారు, ఏడాది తిరిగేసరికి రెండోదాని గురించి ఫోన్ చేస్తారు.

ముందు మీ అత్తగారి భయం. ఆవిడ చెప్పింది నిజమే, కొట్టిపారేయకండి. లాబ్రడార్ ఆడపిల్ల మొదటిసారి హీట్‌కి, అంటే ఎదకి, రావడం ఎనిమిది నెలల నుంచి ఏడాది మధ్యలో ఎప్పుడైనా కావచ్చు. కొన్ని ఇంకా ఆలస్యంగా వస్తాయి. చిన్న జాతులైతే ఆరో నెలకే వచ్చేస్తాయి. మొత్తం మూడు వారాలు. మొదటి తొమ్మిది పది రోజులు ఎర్రగా చుక్కలు పడతాయి. చాలా ఆడకుక్కలు తమని తాము నాకి శుభ్రం చేసుకుంటాయి కాబట్టి మీరు ఊహించుకున్నంత ఘోరంగా ఏమీ ఉండదు. పడుకున్న చోట నాలుగైదు చుక్కలు కనిపిస్తాయి. టైల్స్ మీదైతే తడిగుడ్డతో పోతుంది, సోఫా మీదైతే పోదు. ఆ మూడు వారాలు సోఫా మీద పాత దుప్పటి పరిచి ఉంచుతారు అందరూ. కుక్కల డైపర్లు దొరుకుతాయి. అవి లేకపోతే బాబు పాత కాటన్ డ్రాయరుకి తోక పట్టేంత కన్నం చేసి తొడగొచ్చు. రోజంతా ఉంచకూడదు, మన చెన్నై ఉక్కలో చర్మం ఒరిసిపోతుంది.

పూజ గదికి తలుపు ఉంటే సమస్య సగం తీరినట్టే. హాల్లోనే గూడులా కట్టుకున్న మందిరమైతే, చిన్నపిల్లలకు వంటింటి గుమ్మం దగ్గర పెట్టే అడ్డుగేటు ఒకటి కొని బిగించండి. వెస్ట్ మాంబళంలో మాకు తెలిసిన ఒక ఇంట్లో పెద్దావిడ బాగా మడీ ఆచారం పాటించే మనిషి. ఇంటికి ఆడ లాబ్రడార్ వచ్చినప్పుడు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, ఆ గేటు దాటి కుక్క రాకూడదని. ఆ కుక్క ఇప్పటికీ గేటు అవతలే పడుకుని హారతి అయ్యేదాకా చూస్తుంటుంది. అరటిపండు ముక్క కోసం లెండి, భక్తి కాదు.

ఆపరేషన్ అయిపోయాక హీట్ రాదు, రక్తం ఉండదు. లాబ్రడార్‌కి ఆపరేషన్ ఏడాది దాటాక చేయిస్తే మంచిదని ఇప్పుడు ఎక్కువమంది డాక్టర్లు చెప్తున్నారు, కారణం కింద రాస్తాను. అంటే మీ అత్తగారు ఓర్చుకోవాల్సింది ఒక్క హీట్, మహా అయితే రెండు. ఆ మాట ముందే ఆవిడతో కూర్చుని చెప్పండి. "ఏమీ కాదు అత్తయ్యా" అని దాటేస్తే, ఆ చుక్క నేల మీద పడిన రోజు ఇంట్లో పంచాయితీ అవుతుంది.

హీట్ విషయంలో చాలామందికి తెలియని ముఖ్యమైన సంగతి ఒకటుంది. రక్తం తగ్గింది అంటే ప్రమాదం పోయిందని కాదు, అప్పుడే మొదలైందని. ఎరుపు పోయి గడ్డి రంగు నీళ్లలా వచ్చే రోజులు, సుమారుగా తొమ్మిదో రోజు నుంచి, ఆడకుక్క మగదాన్ని దగ్గరికి రానిచ్చే రోజులు. "అయిపోయింది కదా" అని మళ్లీ కిందికి తీసుకెళ్లడం, సెల్లార్లో ఒక్క నిమిషం బెల్టు వదలడం, సరిగ్గా అప్పుడే జరిగిపోతుంది. గర్భం అరవై మూడు రోజులు అటూ ఇటూ. లాబ్రడార్ ఈతలో ఆరు నుంచి ఎనిమిది పిల్లలు మామూలు, పదీ పుడతాయి. రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో ఎనిమిది పిల్లలు, రోజుకి వాటి మలం ఎన్నిసార్లు ఎత్తాలో ఊహించుకోండి. అందుకే మొత్తం మూడు వారాలూ బెల్టు చేతిలోంచి జారకూడదు. లిఫ్టులోంచి నేరుగా గేటు బయటికి, పని కాగానే నేరుగా పైకి. బెసంట్ నగర్ బీచ్‌కి తీసుకెళ్లడం లాంటివి ఆ నెలకి మానేయండి.

అలాగే హీట్ అయిపోయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి కొన్ని ఆడకుక్కలకు కడుపు రాకపోయినా వచ్చినట్టే ప్రవర్తించడం ఉంటుంది. నా దగ్గర దిగిన ఒక లాబ్రడార్ వాళ్లింటి పిల్లవాడి సాక్సు ఒకటి నోట కరుచుకునే వచ్చింది. తన పరుపు మూలకి చేర్చి, దాని మీద గడ్డం ఆనించి పడుకుంది. రాత్రికి నా చెప్పొకటి, తువ్వాలొకటి చేరాయి. తెల్లారి ఊడుద్దామని వంగితే గొంతులో గుర్రుమంది, అంతవరకు ఈగనైనా అదిలించని కుక్క. పాలు కూడా పడ్డాయి. రెండు మూడు వారాల్లో దానంతట అదే సర్దుకుంది. ఇలాంటప్పుడు పాలు పిండకూడదు, పిండితే ఇంకా పడతాయి. ఆ సామాన్లు కుక్క కళ్ల ముందు లాక్కోకుండా బయటికి తీసుకెళ్లినప్పుడు నెమ్మదిగా తీసేయడం నయం. చిన్న బాబు ఉన్న ఇల్లు కాబట్టి ఇది చెప్తున్నాను. ఆ రోజుల్లో కుక్క మూలలోకి బాబు చేయి పెట్టకూడదు.

ఇప్పుడు మగదాని సంగతి. రక్తం లేదు, హీట్ లేదు, పిల్లల భయం లేదు. నిజమే. కానీ ఆరేడు నెలల వయసు దాటాక కాలెత్తడం మొదలవుతుంది. రోడ్డు మీద ప్రతి బైకు చక్రం, ప్రతి కరెంటు స్తంభం దగ్గర ఆగుతుంది. ఆడకుక్క రెండుసార్లు కూర్చుని పని ముగించి ఇంటికి వస్తుంది, మగది అరగంట తిరిగినా ఇంకా నాలుగు చుక్కలు దాచుకునే ఉంటుంది. పొద్దున్నే ఓఎమ్మార్ మీద ఆఫీసు బస్సు పట్టుకోవాల్సిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఫ్లాట్లలో గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే, లిఫ్టు మూల, సెక్యూరిటీ స్టూలు కాలు, కింద అంకుల్ గారి కారు టైరు. అందులో ఒకసారి ఒక కుక్క పోస్తే ఆ వాసనకి రెండో కుక్క పోస్తుంది. కొన్ని మగకుక్కలు ఇంట్లో కూడా పోస్తాయి, ముఖ్యంగా కొత్త పరదా, కొత్త సూట్‌కేసు, చుట్టాల బ్యాగు కనిపిస్తే. ఇది టాయిలెట్ ట్రైనింగ్ లోపం కాదు, గుర్తు పెట్టుకోవడం. అందుకే తిడితే పోదు.

అంతరిక్షంలోకి కుక్కల్ని పంపిన రోజుల్లో సోవియట్ వాళ్లు ఆడకుక్కలనే ఎంచుకున్నారు. 1957లో వెళ్లిన లైకా, 1960లో వెళ్లి బతికి తిరిగొచ్చిన బెల్కా, స్ట్రెల్కా, అన్నీ ఆడవే. ఆ ఇరుకు డబ్బాలో కాలెత్తే చోటు ఉండదు, మలమూత్రాలు పట్టే ఏర్పాటు కూడా ఆడకుక్కలకే సరిపోయింది. మన లిఫ్టుల్ని చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

మరొకటి, షాపులో ఎవరూ చెప్పనిది. పెరిగిన మగకుక్కకి అంగం చివర పసుపో ఆకుపచ్చో కలిసిన జిగురు కొద్దిగా ఊరుతూనే ఉంటుంది. కొంచెమైతే రోగం కాదు, మామూలే. కానీ లేత రంగు సోఫా మీద, దుప్పటి మీద మరక పడుతుంది. మీ అత్తగారు రక్తం చుక్క గురించి బెంగపడుతున్నారు కదా, ఈ చుక్క మూడు వారాలకి ఆగేది కాదు. ఆపరేషన్ చేయిస్తే ఇది బాగా తగ్గుతుంది.

ఇక సీజను. చిత్తకార్తె కుక్క అని మన పెద్దలు ఊరికే తిట్టలేదు. మన వీధికుక్కలు ఎక్కువగా ఏడాదికి ఒక్కసారే ఎదకొస్తాయి, అదీ వానలు పడే కాలంలో, అక్టోబరు నుంచి కొన్ని వారాలు. ఆ వాసన గాలిలో ఉంటే నాలుగో అంతస్తులో ఉన్న మీ మగకుక్కకి అన్నం సహించదు. బాల్కనీ గ్రిల్లు దగ్గర నిలబడి ఊళ పెడుతుంది. కిందికి దిగితే చెయ్యి ఊడేలా లాగుతుంది. అడయార్ నుంచి నా దగ్గరికి వచ్చే ఒక గోల్డెన్ రిట్రీవర్ ఏడాదంతా పెద్దమనిషి, అక్టోబరులో మాత్రం మూడు రోజులు గిన్నె ముట్టుకోదు, మూతి గేటు సందులోనే. దీపావళి కూడా ఆ రోజుల్లోనే పడుతుంది. టపాసుకి బెదిరి పారిపోయే కుక్కలు కొన్ని, ఈ గాలికి పారిపోయేవి కొన్ని. తప్పించుకున్న మగకుక్క వీధికుక్కలతో కొట్లాడి చెవి చింపించుకుని వస్తుంది. వీధి ఆడకుక్కతో కలిస్తే అంగానికి కాలీఫ్లవర్‌లా గడ్డ తెచ్చుకునే ప్రమాదం ఉంది. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి కలయికతో అంటే క్యాన్సరు అది, మన దేశంలో తిరుగుడు కుక్కల్లో బాగా కనిపిస్తుంది. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు వారానికొకటి చొప్పున చేస్తే చాలావరకు నయమవుతుంది, కానీ ఎందుకా తిప్పలు. ఆడదానికీ ఇదే విధంగా అంటుతుంది.

"మగదైతే ఇల్లు కాస్తుంది" అన్న మీవారి మాటకి వస్తే, లాబ్రడార్ విషయంలో ఆ ఆశ వదిలేయమనండి. మగదైనా ఆడదైనా దొంగకి టార్చి పట్టుకుని దారి చూపించే జాతి. తలుపు దగ్గర అరవడం రెండూ చేస్తాయి. మీరు రాజపాళయమో డాబర్‌మనో అడిగి ఉంటే ఈ ప్రశ్నకి వేరే సమాధానం రాసేవాణ్ణి. అలాంటి జాతుల్లో మగది బయటి మగకుక్కల్ని ఓర్వకపోవడం, గట్టిగా లాగడం ఎక్కువ, మొదటిసారి పెంచేవాళ్లకి ఆడది చెప్పినట్టు వింటుంది. అయినా కాపలా విషయంలో ఆడవి తీసిపోవు. తన ఇల్లు అనుకున్న ఆడకుక్క గేటు దగ్గర నిలబడితే కొరియర్ కుర్రాడు లోపలికి అడుగు పెట్టడు.

"మగవి ప్రేమగా ఉంటాయి, ఆడవి ముభావం" అని ఒకరంటారు, "ఆడవే ప్రేమ, మగవి మాట వినవు" అని ఇంకొకరంటారు. లాబ్రడార్లలో నేను చూసినంతలో రెండూ ఒళ్లో ఎక్కి కూర్చునేవే. కుర్ర మగవి రెండేళ్ల దాకా పిల్లచేష్టలు మానవు, ఆడవి కొంచెం ముందుగా కుదురుకుంటాయి. అంతకు మించిన తేడా నేను చెప్తే అది కబుర్లు.

బరువు మాత్రం కాగితం మీద ఉన్న తేడా. జాతి ప్రమాణం ప్రకారం పెరిగిన మగ లాబ్రడార్ 29 నుంచి 36 కిలోలు, ఆడది 25 నుంచి 32 కిలోలు. పగలు మీరిద్దరూ ఆఫీసుకి వెళ్తే మధ్యాహ్నం కిందికి తీసుకెళ్లేది మీ అత్తగారే కదా? మెట్ల మీద పిల్లి కనిపించినప్పుడు నాలుగు కిలోల తేడా ఆవిడ భుజానికి తెలుస్తుంది. నేను ఆడపిల్ల వైపు మొగ్గడానికి ఇదొక పెద్ద కారణం. ఏదైనా సరే, మెడకి బెల్టు కాకుండా ఛాతీ దగ్గర కొక్కెం ఉండే హార్నెస్ కొనండి, లాగుడు తగ్గుతుంది.

ఆపరేషన్ గురించి కొంచెం వివరంగా. ఆడదానికి పొట్ట తెరిచి చేసే ఆపరేషన్, కాబట్టి ఖర్చూ ఎక్కువ, కోలుకోవడానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది. మగదానికి చిన్నది, వారం పది రోజుల్లో మామూలైపోతుంది. ఆడదానికి చేయించకపోతే ఏమవుతుంది? వయసు మీద పడేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే జబ్బు, పయోమెట్రా. స్వీడన్‌లో కుక్కల బీమా లెక్కలు తీస్తే ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో పదేళ్లలోపే దాదాపు నాలుగో వంతుకి ఇది వచ్చింది. హీట్ అయిన నెల రెండు నెలలకి నీళ్లు తెగ తాగడం, తిండి మానేయడం, వాంతులు, చీములా కారడం, ఇవి కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి. కొన్నిసార్లు చీము బయటికి రాదు, అది ఇంకా ప్రమాదం. రొమ్ముల్లో గడ్డలు రెండో భయం. ఒకటి రెండు హీట్‌ల లోపు ఆపరేషన్ అయిన కుక్కల్లో అవి చాలా తక్కువ.

మరి ఆరో నెలకే చేయించేస్తే పోలేదా అంటారు. లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో ఎముకలు పెరగడం పూర్తి కాకముందే చేయిస్తే మోకాలి, తుంటి కీళ్ల సమస్యలు పెరుగుతున్నట్టు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్లు జాతులవారీగా చూసి చెప్పారు. లాబ్రడార్ ఆడవాటికి ఏడాది దాటాక, మగవాటికి ఆరు నెలలు దాటాక అన్నది వాళ్ల సూచన. కొన్ని ఆడకుక్కలకి ఆపరేషన్ అయిన కొన్నేళ్లకి నిద్రలో మూత్రం చుక్కలు పడటం ఉంటుంది, దానికి మందులున్నాయి. హీట్‌లో ఉండగా చేయించొద్దు, రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. హీట్ అయిన రెండు మూడు నెలలకి సరైన సమయం.

చెన్నైకి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త: ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్ష వదలొద్దు. ఇక్కడ గోమార్లు ఏడాది పొడుగునా ఉంటాయి, టిక్ ఫీవర్ లోపల దాగి ఉంటే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పైకి కుక్క గెంతుతూనే ఉంటుంది. ఆ స్థితిలో పొట్ట తెరిస్తే రక్తం ఆగదు. డబ్బు గురించి ఆలోచన ఉంటే వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, 1903 నాటి కాలేజీ. పొద్దున్నే వెళ్లి లైనులో నిలబడే ఓపిక కావాలి.

మగదానికి చేయించకపోతే ఆరేడేళ్ల వయసుకి ప్రొస్టేట్ ఉబ్బడం చాలా మామూలు. మలానికి ముక్కడం, మూత్రంలోనో అంగం నుంచో రక్తం చుక్కలు దాని గుర్తులు. చేయిస్తే పారిపోవడం, కాలెత్తడం తగ్గుతాయి, పూర్తిగా పోవాలని లేదు. కానీ ఒక్క సంగతి స్పష్టంగా చెప్తున్నాను, దూకుడు తగ్గుతుందని, బుద్ధి వస్తుందని చేయించకండి. భయంతో కరిచే కుక్క ఆపరేషన్ తర్వాత కూడా కరుస్తుంది, కొన్ని ఇంకా ఎక్కువ. దానికి మందు ట్రైనింగే.

మగా ఆడా ఏదైనా ఆపరేషన్ తర్వాత లావెక్కుతాయి. లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలి ఎప్పటికీ తీరని జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జి వాళ్లు కనిపెట్టారు. మీ అత్తగారు చేసే నెయ్యి అన్నం, పెరుగన్నం ముద్దలు లెక్కలోకి తీసుకుని తిండి అయిదో వంతు తగ్గించండి. పక్కటెముకలు చేతికి తగలాలి.

"ఒక్క ఈత పెట్టిస్తే ఆడదానికి ఆరోగ్యం" అని ఆ అమ్మేవాయన అంటే నవ్వి ఊరుకోండి. అందులో వైద్యపరంగా ఏ లాభమూ లేదు. "పిల్లల్ని నేనే కొంటాను, ఖర్చు తిరిగొస్తుంది" అని కూడా అంటారు. ఆ ఎనిమిదింట్లో చివరికి మిగిలే రెండు ఆడపిల్లలు ఎవరి దగ్గర పెరుగుతాయో అడగండి. వీధిలో, గుడి దగ్గర సంచిలో వదిలేసేవాటిలో ఎక్కువ ఆడపిల్లలే. దత్తతకి పెట్టే చోట్లా అంతే. ఆడపిల్లే కావాలనుకున్నవాళ్లు, జాతి పట్టింపు లేనివాళ్లు వేలచ్చేరిలో బ్లూ క్రాస్ దగ్గరికి ఒకసారి వెళ్లొచ్చు. మన ఎండకి నాటు కుక్క లాబ్రడార్ కంటే ఎంతో నయం. ఇది మీరు అడగలేదు, ఊరికే అంటున్నాను.

ఇంట్లో ఇప్పటికే కుక్క ఉన్నవాళ్లు ఈ సమాధానం చదువుతుంటే, వ్యతిరేక లింగం తెచ్చుకోండి, రెండింటిలో ఒకదానికైనా ముందే ఆపరేషన్ చేయించండి. ఒకే ఇంట్లో రెండు ఆడకుక్కలకి పడకపోతే ఆ పగ మగవాటి కొట్లాటలా అరుపులతో తేలిపోదు.

ఇక ఆ మూడు పిల్లల దగ్గరికి. ముందు వయసు అడగండి. ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదని, పెంచి అమ్మేవాళ్లకి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలని 2017 కేంద్ర నిబంధనలు చెప్తున్నాయి. తల్లిని చూపించమనండి. "తల్లి వేరే ఊళ్లో ఉంది" అంటే అక్కడితో ఆపేయండి. తల్లి మిమ్మల్ని చూసి తోక ఊపుతుందా, మూలకి పోతుందా, గుర్రుమంటుందా అన్నది పిల్ల ఆడా మగా అన్నదానికంటే పదిరెట్లు ఎక్కువ చెప్తుంది. వీలైతే తల్లిదండ్రులకి తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడగండి, చాలామంది తీయించరు, కానీ అడిగితే మీరెలాంటి కొనుగోలుదారో ఆయనకి అర్థమవుతుంది.

తర్వాత ఒక్కో పిల్లని మిగతావాటి నుంచి విడిగా తీసి చూడండి. తాళం చెవుల గుత్తి కొంచెం దూరంలో నేల మీద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఆ తర్వాత వచ్చి వాసన చూస్తుందా, లేక పరుపు కిందికి దూరి రానంటుందా చూడండి. వెల్లకిలా ఎత్తుకుని పొట్ట మీద చెయ్యి పెట్టండి. కాసేపు తన్నుకుని ఊరుకునేది మీ ఇంటికి సరైనది. ఆగకుండా కొరికేది, బిగుసుకుపోయి కదలనిది, రెండూ ఏడేళ్ల బాబున్న ఇంటికి వద్దు. అలా పట్టుకున్నప్పుడే బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు ఉందేమో చూడండి, హెర్నియా కావచ్చు. మగపిల్లలకి రెండు బీజాలూ దిగాయో లేదో వేళ్లతో తడమండి. ఎనిమిది వారాలకి సాధారణంగా చేతికి తగులుతాయి. ఆరు నెలలకీ ఒకటి లోపలే ఉండిపోతే పొట్టలోంచి తీయాల్సి వస్తుంది, లోపల ఉన్నది గడ్డగా మారే ప్రమాదం ఎక్కువ. ఎక్కువ ధర పెట్టి ఆ సమస్య కొనుక్కోకండి. ఆడపిల్లకి కింద తెల్లటి జిగురు కొంచెం ఉంటే కంగారు పడొద్దు, మొదటి హీట్‌తో చాలావాటికి పోతుంది. డాక్టరుకి చూపించండి చాలు.

ఆడపిల్ల ఈ పరీక్షలో బెదురుబోతుగా కనిపించి, మగవాటిలో ఒకటి నెమ్మదిగా, కుతూహలంగా కనిపిస్తే, నేను ఇంతసేపు రాసింది పక్కన పెట్టి ఆ మగదాన్నే తెచ్చుకోండి. ఎనిమిది, తొమ్మిది నెలల ప్రాంతంలో ఆపరేషన్ గురించి డాక్టరుగారిని అడగండి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు ఏదైనా అంటే, కుక్కలు పెంచుకోవడం మీద నిషేధం పెట్టే అధికారం వాళ్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. లిఫ్టు వాడొద్దు అనడం కూడా కుదరదు. గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ లైసెన్సు మాత్రం మగదైనా ఆడదైనా తప్పనిసరి, దానికి రేబిస్ టీకా కాగితం, మైక్రోచిప్ కావాలి. టీకా మూడో నెలలో పడుతుంది కాబట్టి తెచ్చిన రోజే తేదీ రాసిపెట్టుకోండి.

శనివారం చూడటానికి వెళ్తున్నానన్నారు కదా, మధ్యాహ్నం ఎండలో వెళ్లొద్దు. ఆ వేళ పిల్లలన్నీ సోలిపోయి పడుకుంటాయి, మూడూ ఒకేలా మంచివాటిలా కనిపిస్తాయి. సాయంత్రం అయిదు దాటాక, అవి తినకముందు వెళ్లండి. బాబునీ అత్తగారినీ కూడా తీసుకెళ్లండి. తల్లితో కలిపి ఒక వీడియో తీసి ఇక్కడ పెడితే చూసి చెప్తాను. అడ్వాన్సు మాత్రం అంతదాకా ఇవ్వకండి.